ఎనభై దాటినాక వణుకు

కారు ఎనభై దాటితే స్టీరింగ్ వణికేది. తొంభై దగ్గర ఆ వణుకు నా మోచేతుల దాకా వచ్చేది. ఇంకా వేగం పెంచితే తగ్గుతుందేమో చూద్దామంటే పక్కన కూర్చున్న మనిషి ఒప్పుకునేది కాదు. బ్రేకు మీద కాలు పెడితే ఇంకో రకం వణుకు. పెడల్ కింద ఎవరో కూర్చుని పిడికిలితో తడుతున్నట్టు ఉండేది. బండి ఆగే దాకా ఆ తట్టుడు ఆగేది కాదు.

పక్కన కూర్చున్న మనిషి నా భార్య. నడుములో డిస్కు జారి, నరం నలిగి, ఆమెకు కర్నూలులో ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది కానీ కుడి పాదం లేవడం మానేసింది. నడుస్తుంటే మునివేళ్ళు నేలకు రాసుకునేవి. గడప దాటేటప్పుడు చెప్పు అవతలే ఉండిపోయేది. నరం మళ్ళీ మేలుకోవాలంటే మొదటి నాలుగైదు నెలలే ముఖ్యమని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు. పాదానికి సన్నగా కరెంటు పెట్టి కదలిక తెప్పించే వైద్యం వారానికి మూడుసార్లు తప్పకుండా చేయించమన్నాడు. అది తన ఆసుపత్రిలోని ఫిజియో డాక్టరు దగ్గరే జరగాలని పట్టుబట్టాడు. నడుముకు కుదుపు తగలొద్దు, గంటకు మించి కూర్చోవద్దు అన్నాడు.

గద్వాల నుంచి కర్నూలుకు పోవాలంటే ఎర్రవల్లి చౌరస్తాలో పెద్ద రోడ్డెక్కాలి. బస్సు మెట్లు ఆమెకు అందవు. అద్దె కారు ఒకసారి మాట్లాడాను. ఆ డ్రైవరు ఫోనులో మాట్లాడుకుంటూ ఒక స్పీడ్ బ్రేకరును చూడనే లేదు. ఆమె రెండు రోజులు మంచం దిగలేదు. మళ్ళీ అద్దె కారు మాట ఎత్తనివ్వలేదు. ఇక మిగిలింది మా కారే. దాన్ని ఎనభై లోపు నడిపితే ప్రయాణం గంట దాటుతుంది. ఎనభై దాటిస్తే వణుకుతుంది. కర్నూలు డాక్టరు పెట్టిన రెండు షరతులూ ఒక్కసారి తీర్చే వేగం ఆ బండికి లేకుండా పోయింది.

మొదటిసారి వణుకు తెలిసింది మానవపాడు మలుపు దాటాక.

"ఏందయ్యా గిది?" అంది.

"రోడ్డు బాగలేదు."

"రోడ్డు నున్నగనే ఉంది. పోయింది నడుం, కండ్లు కాదు. మన ఎనకింటి మగ్గం గూడ గింత ఊగది."

వేగం తగ్గించాను. వెనక లారీవాడు హారన్ మోగించి, పక్కనుంచి పోతూ నా ముఖంలోకి ఓసారి చూసి మరీ పోయాడు. ఆమె రెండు చేతులూ సీటుకు ఆనించి, నడుమును గాలిలో పట్టుకున్నట్టు కూర్చుంది. టోల్ గేటు దగ్గర బ్రేకు వేసినప్పుడు కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి ముందు దిగేటప్పుడు డోరు పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడింది.

మర్నాడు గద్వాలలో టైర్ల దుకాణానికి పోయాను. దుకాణదారుకు నా వయసే ఉంటుంది. కళ్ళద్దాలు నుదుటి మీదే ఉంటాయి, కళ్ళ మీదికి దిగగా నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్పేది సగం విని, మిగతా సగం తనే చెప్పేశాడు. "వీల్ బ్యాలెన్సింగ్ పోయింది సార్. పది నిమిషాల పని." చక్రాలు విప్పి మిషనుకు ఎక్కించి తిప్పాడు. అది చూపించిన చోటల్లా రిమ్ముకు సీసం ముక్కలు అంటించాడు. ముందు చక్రాలకు ఒక్కోదానికి అరచేతికి సరిపడా సీసం పట్టింది. ఇంత పడుతుందా అని అడిగాను. "పాత రిమ్ములు గద సార్, పడ్తది" అన్నాడు.

రెండు ప్రయాణాలు హాయిగా జరిగాయి. ఆ ఆదివారం మానవపాడులో మాకున్న చేను చూడటానికి పోయొచ్చాను. ముందురోజే వాన పడింది. మంగళవారం కర్నూలు పోతుంటే ఎనభై దగ్గర వణుకు మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా ముందే, డెబ్బై అయిదుకే.

దుకాణదారు కారెక్కి, పాత బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు. ఆ రోడ్డు మీద ఆటోలు, అడ్డంగా ఆగిన తోపుడు బండ్లు. ముప్పై దాటితే గొప్ప.

"కొడ్తలేదు సార్" అన్నాడు.

"ముప్పైలో కొట్టదు. ఎనభైలో కొడుతుంది."

"గద్వాలల ఎనభై యాడ పోతం సార్? నా మిషన్ అయితే తప్పు చెప్పదు. మీరు స్టీరింగ్ రాడ్లు చూపిచ్చుకోరి."

అక్కడి నుంచి వనపర్తి. అక్కడి గ్యారేజీలో బండిని పైకెత్తే లిఫ్టు ఉంది, గోడ మీద వరసగా పానాలు వేలాడుతుంటాయి. యజమాని నలభై ఏళ్ళవాడు, శుభ్రమైన చొక్కా, చెవిలో ఎప్పుడూ ఫోను తీగ. నాతో మాట్లాడుతున్నాడో ఫోనులో మాట్లాడుతున్నాడో తెలుసుకోవడానికి ప్రతి మాటకూ కొద్దిగా ఆగాల్సి వచ్చేది. పెద్దమందడి రోడ్డు మీద బండి నడిపి చూశాడు. అక్కడ ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. అరవై దాటనే లేదు. అయినా తిరిగొచ్చి తేల్చేశాడు. "బుష్‌లు అరిగినయి. బ్రేకు డిస్కులు వంగినయి. రెండూ మార్చాలె."

బుష్ అంటే చక్రాన్ని పట్టుకునే కడ్డీల కీళ్ళలో ఉండే రబ్బరు. డిస్కు అంటే చక్రం లోపల తిరిగే ఇనుప పళ్ళెం. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని రెండు వైపులా పట్టుకుని ఆపుతాయి. పళ్ళెం చదునుగా లేకపోతే ప్యాడ్లు ఎగిరెగిరి పడతాయి. ఆ ఎగురుడే కాలికి తట్టేది. ఇంతవరకు అతను చెప్పింది నిజమే. ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లూ, బుష్‌లూ కొత్తవి వేయించుకున్నాను. బ్రేకు వెన్నలా పడింది. ఎనభై దగ్గర వణుకు మాత్రం అలాగే ఉంది. "కొత్త సామాన్లు సార్, వారం నడిస్తే సర్దుకుంటయి" అన్నాడు.

సర్దుకోలేదు. వారం దాటి రెండో వారంలో పడ్డాక బ్రేకు తట్టుడు కూడా తిరిగొచ్చింది. కొత్త డిస్కులతో. మళ్ళీ వనపర్తి పోయాను. ఈసారి ఆమెను కూడా తీసుకుపోయాను, నా మాట నమ్మకపోతే ఆమె మాటైనా వింటాడేమోనని. గ్యారేజీవాడు చక్రం వైపు చూడలేదు, నా కాళ్ళ వైపు చూశాడు.

"బ్రేకు గట్టిగ తొక్కుతుండొచ్చు మీ సారు" అన్నాడు ఆమెతో.

"ఈయననా? బ్రేకు మీద కాలు పెట్టుడు జూస్తే కింద ఎవరో పండుకున్నరనుకుంటవు" అంది. "గట్టిగ తొక్కుడు అలవాటుంటే మా పెండ్లయినంక ఏదో ఒకటి తొక్కి ఉంటుండె."

అతను నవ్వాడు కానీ కారు తీసుకోలేదు. సామాన్లు సరిగా రాలేదేమో, కంపెనీకి రాస్తాను, పది రోజులు ఆగండి అన్నాడు. ఫోను తీగ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆమె మళ్ళీ రెండు చేతులూ సీటుకు ఆనించి కూర్చుంది. పెబ్బేరు దాటాక అంది. "ఇగ కర్నూల్ బంద్ చేద్దాం."

"ఏమంటున్నవ్?"

"కాలు కోసం పోతే నడుం పోతుంది. నడుం కోసం ఇంట్ల ఉంటే కాలు పోతది. రెండిట్ల ఒకటి పోతదంటే కాలే పోనియ్యి. దానికి చెప్పు కట్టుకుంట."

నేను వాదించాను. మర్నాడు మళ్ళీ వాదించాను. ఆమె వినలేదు. వారం పోలేదు. రెండో వారమూ పోలేదు. కర్నూలు నుంచి ఫోను వస్తే "వస్తం, జర పనుంది" అని ఆమే చెప్పి పెట్టేసింది. ఒకరోజు వంటింట్లోకి పోతే, గట్టు పట్టుకుని నడుస్తోంది. పాదం లేవదు కనుక మోకాలును ఎత్తి, నీళ్ళలో నడిచినట్టు కాలు విసిరి వేస్తోంది. నన్ను చూసి ఆగిపోయి, ఏదో వెతుకుతున్నట్టు డబ్బాలు జరిపింది. ఆ నడక కొన్నాళ్ళు సాగితే అదే అలవాటైపోతుందని డాక్టరు ముందే హెచ్చరించి ఉన్నాడు. నేను బయటకొచ్చి కారు వైపు చూశాను. దాన్ని తన్నాలనిపించింది. తన్నలేదు. తన్నినా నా కాలికే తగిలేది.

మూడో వారంలో, నాతో పాటు పత్రికలో పనిచేసిన ఒక పాత స్నేహితుడు ఫోనులో ఈ గోడు అంతా విన్నాడు. "నాగర్‌కర్నూల్‌ల ఒక ముసలి మిస్త్రీ ఉన్నడు. పోంగనే ఏం జెప్పడు. ముందు అడుగుతడు" అన్నాడు. ఒక్క చక్రం వణుకు కోసం మూడో ఊరు. పోవడానికి మనసొప్పలేదు. అయినా పోయాను, ఒక్కణ్ణే. దారి పొడుగునా డెబ్బై దాటకుండా.

రేకుల షెడ్డు, ముందు తుమ్మచెట్టు నీడ. మిస్త్రీ తెల్ల గడ్డం, నూనె మరకల లుంగీ. స్టూలు చూపించి, తను ఖాళీ డబ్బా మీద కూర్చున్నాడు. నేను వనపర్తి సంగతి మొదలుపెట్టబోతే చేయెత్తాడు.

"వాళ్ళేం జెప్పిండ్రో నాకొద్దు సాబ్. స్టీరింగ్ వణుకుతదా, సీటు వణుకుతదా?"

నెలన్నరగా తిరుగుతున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"స్టీరింగే."

"అంటే ముందు చక్రాలు. సీటయితే ఎనకవి. బ్రేకు కొడితే?"

"అప్పుడూ స్టీరింగే. కాలికి కూడా తడుతుంది."

"ఎంతల మొదలయితది?"

"మొదట ఎనభై. ఇప్పుడు డెబ్బై అయిదు."

"ఇప్పుడు అంటే? మారుతుందా?"

"మారుతుంది. కొన్నిసార్లు తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది."

గడ్డం గోక్కున్నాడు. "మారేదయితే సామాను కాదు. సామాను అరిగితే పెరుగుడే ఉంటది, తగ్గుడు ఉండది." లేచి తాళం అడిగాడు. కల్వకుర్తి రోడ్డెక్కి, ఖాళీగా ఉన్న చోట తొంభై దాకా లాగాడు. ఒక చేత్తో స్టీరింగును వదులుగా, జ్వరం చూసినట్టు పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా బ్రేకు వేశాడు. బండి తిప్పుకుని షెడ్డుకు తెచ్చాడు.

జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. దాన్ని ముందువైపు చూడలేదు, తిరగేసి లోపలివైపు టార్చి వేశాడు.

"సాబ్, ఇటు రారి. ఇది ఏ ఊరి మట్టి?"

వంగి చూశాను. రిమ్ము లోపలి అంచున ఒకవైపు నల్లరేగడి బిళ్ళగా గడ్డకట్టి ఉంది. అరచెయ్యి వెడల్పు, వేలు మందం. పక్కనే కొంత భాగం రాలిపోయిన గుర్తు. దాని ఎదురుగా దుకాణదారు అంటించిన సీసం ముక్కల వరస.

"మానవపాడుది. మా చేను అక్కడుంది."

"ఈ మట్టిని అట్లనే ఉంచి బ్యాలెన్స్ చేసిండ్రు. మిషన్ తప్పు చెప్పలేదు, మట్టికి గూడ లెక్క కట్టింది. రెండు దినాలకు సగం మట్టి రాలింది. సీసం అట్లనే ఉంది. ఇగ వణకక ఏం జేస్తది?" స్క్రూడ్రైవరుతో పొడిచాడు. బిళ్ళ విరిగి కిందపడింది. రాయి పడ్డ చప్పుడు వచ్చింది. నాలుగు చక్రాలలోనూ అదే మట్టి.

నాకు ముందు నవ్వు రాలేదు, కోపమొచ్చింది. చక్రం విప్పి, మిషనుకు ఎక్కించి, లోపలికి ఒక్కసారి తొంగి చూడని మనిషి మీద. తర్వాత నా మీదా. ఆ చేనుకు ప్రతి ఆదివారం పోతున్నది నేనే.

మిస్త్రీ అప్పుడే డిస్కు పనిలో పడ్డాడు. చిన్న గడియారం లాంటి కొలత సామాను దానికి ఆనించి, డిస్కును చేత్తో తిప్పాడు. ముల్లు ఒకచోట ఎగిరి, ఒకచోట పడింది. "వంగింది" అన్నాడు. "చూస్తే కొత్తది లెక్కుంది. ఎప్పుడేసిండ్రు?"

"నెల కూడా కాలేదు. రెండో వారంలోనే తట్టుడు మొదలైంది."

"మంచి మాల్ ఇది. రెండువారాల్ల వంగేది కాదు." మళ్ళీ డబ్బా మీద కూర్చున్నాడు. "ఈ బండిని ఎక్కువ యాడికి తీస్కపోతరు? ఎట్ల వస్తరో మొదటి నుంచి చెప్పురి."

చెప్పాను. వారానికి మూడుసార్లు కర్నూలు. ఆసుపత్రి, టోల్ గేటు, ఎర్రవల్లి. అక్కడి నుంచి గద్వాల రోడ్డు, దాని మీద సగం రోడ్డుకు ఆరబోసిన వడ్లు, చుట్టూ పేర్చిన రాళ్ళు, వాటి దగ్గర మాటిమాటికి బ్రేకు. ఊళ్ళోకి వచ్చాక స్పీడ్ బ్రేకర్లు. ఇంటి గేటు.

"గేటు కాడికి వచ్చినంక?"

"ఆమెను దింపుతాను. లోపల పెట్టేముందు పైపు తీసుకుని చక్రాలు కడుగుతాను."

"వెంటనే?"

"వెంటనే."

ఆయన లేచి నిలబడ్డాడు.

ఇంతవరకు ఈ సంగతి ఇక్కడ రాయకపోవడానికి కారణం, ఆ క్షణం దాకా నాకది సంగతిగా తోచకపోవడమే. మా నాయన చేను నుంచి వచ్చాక ఎద్దుల కాళ్ళు కడగనిదే కొట్టంలో కట్టేసేవాడు కాదు. తను నీళ్ళు తాగేది ఆ తర్వాతే. చేతికి బక్కెట అందే వయసు నుంచి ఆ పని నాది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది, నేను ఊరొదిలి ఉద్యోగంలో పడ్డాను, కారు కొన్నాను. చేను నుంచి వచ్చినా, కర్నూలు నుంచి వచ్చినా, ఎక్కడి నుంచి వచ్చినా గేటు దగ్గర ఆగి చక్రాలకు నీళ్ళు కొట్టడం నా చెయ్యి తనంతట తను చేస్తూనే ఉంది. ఇంజను ఆపేలోపు ఆ చెయ్యి పైపు కోసం పోతుంది. అదంతా మిస్త్రీకి చెప్పాను.

"ఎద్దుకయితే సుఖం, సాబ్. కాలు చల్లబడ్తది. ఇది ఇనుము. బ్రేకులు కొట్టి కొట్టి నిప్పు లెక్క ఉంటది. కాలిన పెనం మీద చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే ఏమయితది?"

"చుయ్‌మంటుంది."

"చుయ్‌మని ఊకుంటే మంచిదే. ఒకదిక్కు చల్లబడ్తది, ఒకదిక్కు కాల్తుంటది, వంగుతది. మీరు వారానికి మూడుసార్లు వంచుతున్నరు. పైగా పైపుతోని బయట కొట్టిన మట్టి లోపలికి పోయి, ఎండి, గడ్డకడ్తుంది. గింత బందోబస్తుగ బండిని ఖరాబు చేసినోన్ని నేను జూడలే."

"మరి ఎవరూ చెప్పలేదు."

"మీరు చెప్తెనే గద వాళ్ళు చెప్పేది" అన్నాడు.

మూడు జిల్లాల మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చెప్పండి, చిన్నదైనా వదలొద్దు అని అడగడమే నా పనిగా బతికాను. వాళ్ళు ముఖ్యమనుకోక వదిలేసిన దానిలోనే వార్త ఉండేదని నాకు బాగా తెలుసు. ఇన్ని గ్యారేజీలలో నేను చెప్పింది వణుకు గురించే. నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

డిస్కులు పక్కనున్న లేత్ మిషన్ షాపులో సన్నగా చెక్కించి చదును చేయించాడు. రిమ్ములు నాలుగూ గీకి, కడిగి, ఎదుటి దుకాణంలో మళ్ళీ బ్యాలెన్స్ చేయించాడు. ఈసారి పట్టిన సీసం చిటికెన వేలంత. ఆ పని జరుగుతుండగా ఇంటికి ఫోను చేశాను.

"దొరికింది" అన్నాను.

"ఏందంట?"

"నేనే. చక్రాలు కడుగుడు."

"గది తెలుసుకునేటందుకు నాగర్‌కర్నూల్ దాక పోయినవా? నన్నడిగితే కుర్చీల కూసోబెట్టి చెప్తుంటి. గా పైపు పట్టుకున్నప్పుడల్లా అనుకుంట, ఈయన కారును మేపుతడేమోనని."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే వింటుంటివా? మీ నాయన అలవాటాయె."

వచ్చేటప్పుడు తొంభై దాకా పోనిచ్చాను. స్టీరింగ్ మీద రెండు వేళ్ళు పెట్టాను. కదల్లేదు. సంతోషపడాలి కదా అనుకున్నాను. మనసులో ఉన్నది మాత్రం పోయిన మూడు వారాలు.

రెండు రోజుల తర్వాత కర్నూలు పోయాం. ఎర్రవల్లి దాటే దాకా ఆమె చేతులు సీటుకు ఆనించే ఉంచింది. మానవపాడు మలుపు దగ్గర ఒక చెయ్యి తీసి కొంగు సర్దుకుంది. అలంపూర్ చౌరస్తా వచ్చేసరికి నిద్రపోతోంది. టోల్ గేటు దగ్గర బ్రేకు వేసినా లేవలేదు. ఎవరూ హారన్ కొట్టకూడదని కోరుకుంటూ ఆగాను.

ఫిజియో డాక్టరు ఆమె పేరున్న కాగితం తీసి, ఖాళీగా ఉన్న గళ్ళ మీద పెన్నుతో తట్టాడు. "తొమ్మిదిసార్లు రాలేదు. ఎందుకు?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె అంది. "బండి బాగలేకుండె సార్."

అంతే చెప్పింది. పైపు సంగతి ఎత్తలేదు.

ఆయన ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కుడి మడమను అరచేతిలో పట్టుకుని, పాదం పైకి లేపమన్నాడు. బొటనవేలు లేచింది. పాదం లేవలేదు. ఆపరేషనైన మొదటి నెలాఖరుకు కొద్దిగా లేచేది, నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తున్నట్టుంది, కాగితంలో వెనక్కి చూసుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, మూడు నెలలు, ఒక్కటి కూడా తప్పొద్దు, అప్పుడు చూద్దాం అన్నాడు. లేస్తుందా అని అడిగాను. అప్పుడు చూద్దాం అనే మళ్ళీ అన్నాడు.

ఆయన కరెంటు తీగలు తేవడానికి పక్కగదిలోకి పోయాడు. నేను బల్ల దగ్గరే నిలబడి ఆ పాదం వైపు చూస్తున్నాను. ఆమె తనంతట తను మళ్ళీ ప్రయత్నిస్తోంది. పెదవి బిగబట్టింది. బొటనవేలు లేచి పడింది, లేచి పడింది.

"ఇంక గట్ల చూస్తే లేస్తదా?" అంది నా వైపు తిరగకుండానే. "పొయ్యి బండిని నీడకు పెట్టు. పోయేటప్పుడు సీటు కాల్తే మళ్ల నేను ఎక్క."